కందుకూరి వీరేశలింగం

తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం ఊరిపేర్లే. కందుకూరు అనే ఊరి నుండి వచ్చిన ఇంటిపేరు కందుకూరి. 16వ శతాబ్దంలో ‘సుగ్రీవ విజయం’ యక్షగానాన్ని రచించిన రుద్రకవిది ఈ ఇంటిపేరే. మూడు శతాబ్దాల అనంతరం అదే ఇంటిపేరుతో వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు.

బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన ఉపాధ్యాయులై, 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించారు. అదే సంవత్సరం ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. ‘రాజశేఖర చరిత్రము’తో తెలుగు నవలకు బాట వేశారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. సంఘం వెలివేసింది. వంటవారు, నీళ్ళు మోసేవారు రావడం మానుకొన్నారు. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుండి స్వయంగా నీరు మోసి తెచ్చి, పెళ్ళివారికి వండిపెట్టారు.

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో పరమపదించారు. నేటికీ ‘కందుకూరి’ అనగానే ఆ దంపతుల సాహసమే తెలుగువారికి స్ఫురిస్తుంది.