పరీక్ష తప్పిన గురువు



అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లల్లో ఎంతోమంది మా ఎస్.ఆర్. నగర్ సందుల్లోని హాస్టళ్లలోనే ఉంటారు. ఏదో ఒక పరీక్షా ఫలితాలు వచ్చిన మరునాడు, బలిపూజ ముగిసినా బెంచీ మీదనుంచి లేవని పిల్లవాణ్ణి చూస్తే సంగతి అడగకుండానే తెలిసిపోతుంది. అటువంటి బిడ్డ మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అందుకే ఈ వారం, ఉపాధ్యాయ పరీక్షకు రెండుసార్లు వెళ్లి ఒక్కసారీ నెగ్గలేకపోయిన ఒకరి జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు గ్రెగర్ మెండల్. మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఆ పేరు ఉంది. అయితే ఆయన కతోలిక గురువు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

మెండల్ 1822 జూలైలో, నేటి చెక్ దేశంలోని హైన్‌జెన్‌డార్ఫ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. జ్ఞానస్నానపు పేరు యోహాన్. తండ్రి సొంత పొలంతోపాటు జమీందారు పొలంలోనూ వెట్టి చేసేవాడు. 1838లో దుంగ మీదపడి ఆయన గాయపడటంతో కొడుకు చదువు ఆగిపోయే స్థితి వచ్చింది. అప్పుడు చెల్లెలు తెరెజియా తన కట్నం సొమ్ములో కొంత అన్న చదువుకు ఇచ్చింది. ఆడపిల్ల కట్నం సొమ్ము వదులుకోవడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. మెండల్ ఆ ఋణం మరువలేదు. తరువాతి కాలంలో ఆమె ముగ్గురు కొడుకుల చదువుకు ఆయనే సాయపడ్డారు.

1843లో బ్రనో నగరంలోని పునీత తోమా అగుస్తీను మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు పొందారు. 1847లో గురుపట్టం అందుకున్నారు. కానీ ఆసుపత్రిలో రోగుల బాధ చూడలేక తానే మంచం పట్టేవారు. మఠాధిపతి సిరిల్ నాప్ ఆయన మనసు గ్రహించి బడి పంతులుగా పంపారు. 1850లో ఉపాధ్యాయ పరీక్ష తప్పారు. మఠాధిపతి కోపించక, 1851లో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపి చదివించారు. 1856లో మళ్లీ పరీక్షకు కూర్చున్నారు, అస్వస్థతతో మధ్యలోనే వచ్చేశారు. అర్హత పత్రం లేని పంతులుగానే 1868 వరకు పాఠాలు చెప్పారు.

ఆ 1856లోనే మఠం తోటలో బఠాణీలతో పరిశోధన మొదలుపెట్టారు. మొగ్గ విచ్చకముందే కేసరాలు తుంచి, వేరొక మొక్క పుప్పొడి అద్ది, పువ్వుకు చిన్న సంచి కట్టేవారు. ఎనిమిదేళ్లలో సుమారు 28,000 మొక్కలు పెంచారు. నున్నని గింజల మొక్కకూ ముడతల గింజల మొక్కకూ సంకరం చేస్తే అన్నీ నున్నని గింజలే వచ్చాయి. ముడత పోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఆ గింజలు నాటి, పండిన 7,324 గింజలను ఆయన లెక్కించారు. 5,474 నున్ననివి, 1,850 ముడతలవి. మూడింటికి ఒకటి చొప్పున ముడత తిరిగి వచ్చింది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటిగా ప్రతి లక్షణానికీ రెండు కారకాలు ఉంటాయనీ, బయటికి కనబడని అంతర్గత లక్షణం నశించదనీ ఆయన గ్రహించారు.

1865లో ఈ ఫలితాలను బ్రనోలో చదివి వినిపించారు, 1866లో అచ్చువేశారు. పండితలోకం పట్టించుకోలేదు. 1868లో మఠాధిపతి అయ్యాక మఠంపై ప్రభుత్వం వేసిన పన్నుతో పోరాడుతూ, 1884 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు కన్నుమూశారు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆయన వ్యాసాన్ని వెలికితీశారు.

ఆయన కారకాలన్నవాటినే నేడు జన్యువులంటున్నాం. జన్యువు ఒక ప్రోటీను తయారీకి ఆజ్ఞ వంటిది. ముడత గింజలో పిండిపదార్థాన్ని కొమ్మలుగా అల్లే ప్రోటీను జన్యువు చెడిపోయిందని 1990లో తేలింది. అందువల్ల చక్కెర మిగిలి, గింజ నీరు ఎక్కువ పీల్చి, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. పొట్టి మొక్కలో ఎదుగుదల హార్మోను తయారుచేసే ప్రోటీను సరిగా పనిచేయదని 1997లో తెలిసింది.

ఇది మన కంచందాకా వచ్చిన విద్య. 1986లో బాపట్లనుంచి విడుదలైన సాంబమసూరి బియ్యం మనకెంతో ఇష్టం. కానీ ఆ పైరుకు బాక్టీరియా ఎండాకు తెగులు శత్రువు. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి, సంకరం ద్వారానే మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి 2008లో మెరుగైన సాంబమసూరిని విడుదల చేశాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరినుంచి వచ్చింది. మిగిలిన రెండూ మెండల్ చెప్పిన అంతర్గత లక్షణాలే. వాటిలో ఒకదాని కథ వినండి. ఆకులో చక్కెరను చేరవేసే ఒక ప్రోటీను ఉంది. బాక్టీరియా దాని జన్యువును రెచ్చగొట్టి చక్కెర దోచుకుంటుంది. అంతర్గత రూపంలోని జన్యువు ఆ పిలుపుకు పలకదు. శత్రువుకు కూడు దొరకదు. పైకి కనబడని గుణమే పైరును కాపాడుతోంది.

తల్లిదండ్రులారా, మనిషి బఠాణీ మొక్క కాదు. బిడ్డ భవిష్యత్తును జన్యువులొక్కటే రాయవు, మార్కుల జాబితా అసలే రాయదు. మెండల్‌కు ఒక తెరెజియా, ఒక నాప్ దొరికారు. ఫలితాలు వచ్చిన రాత్రి మీ అబ్బాయి హాస్టల్ గదినుంచి ఫోన్ చేస్తే, మార్కులు తరువాత అడగండి. అన్నం తిన్నాడో లేదో ముందు అడగండి.