చావంటే జడవని ఇంటి బిడ్డ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే స్వాతంత్ర్య పోరాటం, ఆంధ్ర మహిళా సభ గుర్తొస్తాయి. కానీ రోగుల సేవలో ఆవిడ మొదటి పాఠం కాకినాడలోనే నేర్చుకున్నారు.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగారు. ఆ రోజుల్లో కలరా, ప్లేగు అంటే అయినవాళ్లే దగ్గరికి రావడానికి జంకేవారు. తండ్రి రామారావుగారు మాత్రం రోగులకి సాయంచేసి, పోయినవాళ్లని శ్మశానానికి చేర్చేవారు. చావంటే భయం పోవాలని భార్య కృష్ణవేణమ్మగారినీ, పిల్లలిద్దరినీ అక్కడికి తీసుకెళ్లేవారట! ఆయన చిన్నవయసులోనే పోయారుగానీ ఆ పాఠం కూతురికి మిగిలింది.

ఎనిమిదేళ్లకే పెళ్లి. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తర్వాత పట్టుదలగా చదివి లాయరయ్యారు. 1937లో మద్రాసులో ఆవిడ మొదలుపెట్టిన మహిళా సభ నర్సింగ్ హోం, నర్సుల శిక్షణ దాకా పెరిగింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెలకి నర్సులు కావాలి, నర్సు కావాలంటే చదువుండాలి. అందుకే 1958లో, బడి మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి రెండేళ్ల సంక్షిప్త కోర్సులు పెట్టించారు. రోగికి చెయ్యడం ఆడదాని రాత అనుకునే రోజుల్లో, ఆ పనికి చదువూ జీతమూ ఉండాలని చేసి చూపించారు.

1981 మే 9న ఆవిడ కన్నుమూశారు. ఇప్పుడు మన ముందు ఇంకో ప్రశ్న ఉంది. నయంకాని రోగిని వెళ్లిపోనివ్వచ్చా? ఆశలేని రోగికి వెంటిలేటర్ లాంటివి షరతుల మీద తీసేయొచ్చని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కోరిక ముందే రాసిపెట్టుకోవచ్చు కూడా. సూదిమందు ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేరమే.

సరే, మిషన్ తీశాక? నొప్పి తగ్గించాలి, పక్క మార్చాలి, ఎండిన పెదాలు తడపాలి. రోగి చావు కోరేది బాధ ఓర్వలేకనా, ఇంటికి బరువయ్యాననా అన్నది ముందు తెలిసేది ఆ చేసే మనిషికే. ఆసుపత్రిలో నర్సు, ఇంట్లో ఏ కోడలో కూతురో!

చాకిరీ ఆవిడకి వదిలేసి, నిర్ణయం మాత్రం వసారాలో మగవాళ్లు తేల్చేస్తుంటారు. అలాంటి రోజు మనింటికీ వస్తే, ముందు ఆవిణ్ణి పిలిచి అడుగుదాం.