ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్
ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ (జూన్ 19, 1783 - ఫిబ్రవరి 20, 1841) నల్లమందు నుండి మార్ఫిన్‌ను వేరుచేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు. ఈయన పాడెర్‌బోర్న్ సమీపంలోని నాయ్‌హౌస్‌లో జన్మించాడు.

ఆ కాలంలో నల్లమందు బలం సరుకును బట్టి మారేది. అదే మోతాదు ఒకరికి చాలక, మరొకరికి ప్రాణాంతకమయ్యేది. పాడెర్‌బోర్న్‌లోని ఔషధశాలలో పనిచేస్తూ సెర్ట్యూర్నర్ అందులోని నిద్ర కలిగించే పదార్థాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు. దానికి గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు పెట్టాడు. తానూ, మరి ముగ్గురు యువకులూ దానిని సేవించి విషలక్షణాలకు లోనైన ప్రయోగాన్ని 1817లో ప్రచురించాడు. ఈయన కృషి వలన మందును తూచి ఇవ్వడం సాధ్యమయింది.

తరువాతి కాలంలో గుండె శస్త్రచికిత్స జరిగిన రోగులకు నొప్పి, ఆందోళన తగ్గించడానికి మార్ఫిన్‌ను వాడారు. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం అటువంటి వృద్ధ రోగులలో దీనిని డెక్స్‌మెడిటోమిడిన్‌తో పోల్చింది. మతిభ్రమకు లోనైనవారి సంఖ్యలో గణనీయమైన తేడా కనబడలేదు; కాని డెక్స్‌మెడిటోమిడిన్ పొందినవారిలో అది త్వరగా తగ్గింది.

సెర్ట్యూర్నర్ హామెల్న్‌లో మరణించాడు.