దామెర్ల కుంచెను ఆపిన మశూచి

రాజమండ్రి వెళ్లినప్పుడు మనవాళ్లు పుష్కర ఘాటు, కోటిలింగాల రేవు చూసి వచ్చేస్తుంటారు. ఊళ్లో దామెర్ల రామారావు చిత్రశాల కూడా ఉందని చాలామందికి తెలియదు. నందిగామ, జగ్గయ్యపేట నుంచి వెళ్లేవారు అక్కడ ఒక గంట కేటాయించుకోవచ్చు. పూలు అలంకరించుకుంటున్న స్త్రీలు, నందికి పూజ చేస్తున్న ఇల్లాళ్లు, కాఠియావాడ్ పాలమ్మాయిలు కనిపిస్తారు. ఆ ముఖాల మీద చిన్న మచ్చ కూడా ఉండదు. వాటిని గీసిన మనిషి మాత్రం ముఖాన్ని మచ్చలతో నింపే జబ్బుతోనే పోయాడు.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చదువుకన్నా బొమ్మల మీదే ధ్యాస. అప్పట్లో ఆ ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ చేతివాటం గమనించి, తానే పూనుకుని 1916లో బొంబాయి జేజే స్కూలుకు పంపారు. అడివి బాపిరాజులో కళను తట్టిలేపింది కూడా ఈ కూల్డ్రేనే. ఒక గురువు సరైన సమయంలో కన్నేసి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఇద్దరూ చాలు.

బొంబాయి చదువు ముగించుకుని వచ్చాక ఆయనకు మిగిలింది నాలుగైదేళ్లు. చేసిన పనంతా అందులోనే. అప్పటికి బెంగాల్ శైలి దేశమంతా పాకుతోంది. మన బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ ఆ పద్ధతిలోనే నేర్పేవారు. రామారావు దాన్ని గౌరవించారు గానీ అనుకరించలేదు. అజంతా గీతను, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణాన్ని కలిపి తెలుగు కట్టూబొట్టూ దిద్దారు. 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి కలకత్తా ఓరియంటల్ ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఆడవాళ్లనే చూడకుండా పెరిగిన మునికుమారుణ్ని వానల కోసం అంగదేశానికి రప్పించిన కథ అది. స్నేహితుడు వరదా వెంకటరత్నంతో కలిసి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్లు బొమ్మలు వేయడం చిన్న విషయం కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండటానికి ఇంకా నెల రోజులుంది.

మశూచి అంటే ఆటలమ్మ కాదు. రెంటినీ అమ్మవారు పోసిందనే అంటాం కాబట్టి ఇప్పటికీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ. కొన్ని కొత్తవి, కొన్ని నీరు పట్టినవి, కొన్ని ఎండినవి ఒకేసారి కనిపిస్తాయి. మశూచి పొక్కులు ముఖం, చేతులు, కాళ్ల మీద దట్టంగా వచ్చి, ఒక్కచోట చూస్తే అన్నీ ఒకే దశలో ఉండేవి. వైరస్ ఒంట్లోకి చేరాక సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఏమీ తెలియదు. తర్వాత ఒక్కసారిగా తీవ్ర జ్వరం, నడుంనొప్పి, వాంతులు. రెండు మూడు రోజులకు పొక్కులు మొదలయ్యేవి. తీవ్ర రకం సోకితే ప్రతి పది మందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి ముఖాన గుంటలు పడేవి, కొందరికి చూపు పోయేది. ఊరి పొలిమేరల్లో పోలేరమ్మ గుళ్లు ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. రోగం వచ్చాక వైద్యుడి చేతిలో మందంటూ లేదు మరి.

అయితే రాకుండా ఆపే టీకా ఉంది. బాధంతా అక్కడే. జెన్నర్ దాన్ని 1796లోనే ప్రయోగించారు. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు వేశారు. వేసిన ఊరు బొంబాయి, రామారావు బొమ్మలు నేర్చిన ఊరే. ఆయన పోయేనాటికి మన దేశంలో ఆ టీకాకు నూట ఇరవై ఏళ్లు దాటాయి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైందే ప్రధానంగా ఈ టీకా మందు కోసం.

టీకా ప్రచారానికి బొమ్మలను కూడా వాడారన్న వాదన ఒకటుంది. ఐరిష్ చిత్రకారుడు థామస్ హికీ 1805లో మైసూరు రాజకుటుంబ స్త్రీలు ముగ్గుర్ని చిత్రించారు. వారిలో ఒకరు చీర పక్కకు తొలగించి చేయి చూపుతున్నట్టుంటారు. చాలాకాలం వాళ్లను నాట్యగత్తెలనుకున్నారు. ఆ చేయి టీకా వేసిన చోటును చూపుతోందని తర్వాత ఒక చరిత్రకారుడు వివరించారు. రాణులే వేయించుకున్నారంటే జనం భయం తగ్గుతుందన్నది అప్పటి కంపెనీ వారి ఆలోచన కావచ్చు.

భయం ఒక్కటే అడ్డంకి కాదు. ఈ టీకా రక్షణ జీవితాంతం గట్టిగా ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. అందుకే పెద్దయ్యాక మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. చిన్నప్పుడు అయిపోయిందిగా అని ఊరుకున్నవారు ఎందరో. ఇంకో విశేషం, రోగి దగ్గరికి వెళ్లివచ్చిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా పడినా జబ్బు చాలామందికి రాకుండా పోయేది, వచ్చినా తేలిగ్గా పోయేది. 1970లలో మశూచిని తరిమింది ఈ ఉపాయంతోనే. రోగిని వెతికి పట్టుకుని, చుట్టూ ఉన్నవారందరికీ టీకా వేశారు. మన దేశంలో వ్యాపించిన చివరి కేసు 1975లో కనిపించింది. ప్రపంచమంతా పోయిందని 1980లో ప్రకటించారు. మన ప్రాంతంలో ఏ తాతయ్య చేతినైనా చూడండి, భుజం మీదో ముంజేతి మీదో గుండ్రటి పాత టీకా మచ్చ కనిపిస్తుంది.

రామారావు పోయాక సత్యవాణి, వెంకటరత్నం ఆ చిత్రాలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. వెంకటరత్నం బడిని దశాబ్దాల పాటు నడిపారు. తర్వాత ప్రభుత్వం తీసుకుంది. నూటికి పైగా నీటిరంగు చిత్రాలు, కొన్ని తైలవర్ణాలు, స్కెచ్ పుస్తకాలు మిగిలాయి. ఆ పుస్తకాల్లో పెన్సిల్ గీతలుగానే ఉండిపోయినవి, రంగు పడనివి చాలా ఉన్నాయి.