క్యాన్సర్‌కు మందు వెతికిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈసారి గోడ పత్రికకు నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు చాలా ఇబ్బంది. చిన్నప్పుడు కాశీకి పోయి అరటిపళ్ళు అమ్ముకుందామని పారిపోతే వాళ్ళమ్మ వెనక్కి తెచ్చి బడికి పంపింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. లెక్కల్లో తప్పామని ఏడ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. నేను కూడా.

మద్రాసులో వైద్యం చదివారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఆయనకు పెద్ద డిగ్రీ దక్కలేదు. అన్న పురుషోత్తం గారు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ బాధ మనసులో పెట్టుకొని అమెరికా వెళ్ళారు. రాత్రిళ్ళు ఆస్పత్రిలో చిన్న పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అది పనికొచ్చింది. మనకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది అదే.

మన ఒంట్లో కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్త క్యాన్సర్‌లో చెడ్డ కణాలు ఆగకుండా పెరుగుతాయి, వాటికి ఇంకా ఎక్కువ కావాలి. అందుకని సుబ్బారావు గారి బృందం చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండే వేరే మందు చేసింది. మంచి గింజ అనుకొని తాలు గింజ తిన్నట్టు, కణం దాన్ని తీసుకొని పెరగలేక చస్తుంది. 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందును పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి నయం కనిపించింది. కానీ కొన్ని నెలలకు జబ్బు మళ్ళీ తిరిగొచ్చింది.

ఎందుకంటే క్యాన్సర్ బయటి నుంచి వచ్చిన పురుగు కాదు, మన కణమే. మందు వేస్తే మంచి కణాలకూ దెబ్బే, అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది. పోడులో కలుపు పీకినా వేరు ముక్క మిగిలితే మళ్ళీ మొలుస్తుంది కదా, ఇదీ అంతే. అందుకే ఇప్పుడు నాలుగైదు మందులు కలిపి, రెండు మూడేళ్ళు ఇస్తారు. అట్లా వాడితే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో చాలామంది బాగవుతున్నారు. సుబ్బారావు గారి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

ఆయన 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే పోయారు. మళ్ళీ మన దేశం రాలేదు. నోబెల్ బహుమతి కూడా రాలేదు.

ఇప్పుడు నా సంగతి. మా చిన్నాయన కొడుకు రెండో తరగతి. వాడికి రక్త క్యాన్సర్. మొదట గాలి సోకిందని ఊళ్ళో కోడిని కోశారు. తర్వాత పట్నం తీసుకుపోయారు. ఆరు నెలలకు జ్వరం పోయింది, అన్నం తింటున్నాడు. ఇంక బాగయ్యాడు, పోడు పనులున్నాయి, ఇక ఆస్పత్రికి పోము అన్నాడు చిన్నాయన. దసరా సెలవుల్లో నేను ఈ కథంతా కోయ భాషలో చెప్పాను. కలుపు వేరు మాట దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే బస్సెక్కారు.

వాడి మాత్రల చీటీ మీద మెథోట్రెక్సేట్ అని ఉంది. మా ఇంట్లో దాన్ని చదవగలిగింది నేనొక్కదాన్నే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని