ఎ.ఎస్. రావు నగర్‌లోని రావు గారు

మా మనవడు హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్‌లో అద్దెకుంటాడు. ఆ రావు గారెవరని అడిగితే, స్థలాలు అమ్మిన వ్యాపారి అయి ఉంటారని జవాబిచ్చాడు. మన సభ్యుల పిల్లలు కూడా కొందరు అక్కడే ఉంటున్నారు గనుక ఈ ప్రత్యేక సంచికలో ఆయన్ను గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

శ్రీ అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, టాటా స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివారు. తిరిగి వచ్చాక హోమీ భాభా గారి వద్ద చేరారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పని మొదలుపెట్టింది. ఇంధనం ఇంగ్లండు నుంచి వచ్చింది గాని, దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలను రావు గారి బృందం ఇక్కడే తయారు చేసింది. ఆయన జీవితంలో అసలు ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. రియాక్టరు లోపలికి మనిషి తొంగిచూడలేడు. లోపలి సంగతి పరికరమే కొలవాలి, హద్దు దాటబోతే పరికరమే ఆపాలి. ఫ్యాక్టరీలో కంప్యూటరు చేసే పని కూడా ఇదే.

మన పల్నాటివారికి సిమెంటుతో చెబితే తేలికగా బోధపడుతుంది. మాచర్లలో 1958లోనే సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది గదా. పాతకాలపు సిమెంటు ఫ్యాక్టరీల్లో చెయ్యి తిరిగిన పనివాడు రంగు అద్దంలోంచి కిల్ను మంటను చూసి, బొగ్గు పెంచాలో తగ్గించాలో తేల్చేవాడు. లోపల పదార్థం సుమారు 1450 డిగ్రీల దాకా కాగాలి. వేడి తగ్గితే క్లింకరు సరిగా కాలదు. మరీ పెరిగితే కిల్ను లోపలి ఇటుక దెబ్బతింటుంది, బొగ్గూ దండగ. నేడు ఆ లెక్కలన్నీ కంట్రోలు రూములో తెరమీద అంకెలుగా కనిపిస్తాయి. చాలా సర్దుబాట్లు కంప్యూటరే చేసుకుపోతుంది.

1963లో ఎలక్ట్రానిక్స్ మీద ప్రభుత్వం వేసిన భాభా కమిటీలో సారాభాయి, సూరి భగవంతం గార్లతోపాటు రావు గారూ సభ్యులు. పరికరాలకు పరాయి దేశాల మీద ఆధారపడరాదన్నది దాని సారాంశం. 1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదంలో మరణించారు. మరుసటి ఏడు, 1967 ఏప్రిల్ 11న, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. దానిని నిలబెట్టినవారు రావు గారే. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటరు 1969లో వచ్చింది. నాలుగు వేల పైచిలుకు సంఖ్యలు మాత్రమే గుర్తుపెట్టుకునేదట, మనవడి సెల్‌ఫోను ముందు అదెంత! తరువాత 312, 316 వచ్చాయి. అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోలు పరికరాలూ, మన ఇళ్లలోని ఇ.సి. టీవీలూ, ఆపై ఓటింగు యంత్రాలూ ఆ సంస్థ నుంచి వచ్చినవే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఆఫీసుకు కంప్యూటరు వస్తుందన్నప్పుడు నల్లబ్యాడ్జీ పెట్టుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. కూడికలు వేసే గుమాస్తాకు ఇక కూడేదేమి ఉంటుందని మా భయం. ఆ భయం పూర్తిగా అబద్ధమని ఇప్పటికీ అనను. నేను రిటైరైనాక నా సీటులో మరొకరిని వేయలేదు. అయితే కంప్యూటరంటే గుమాస్తా పొట్టకొట్టే విదేశీ పెట్టె అని మాత్రమే ఆనాడు అనుకున్నాం. మన తెలుగాయన ఒకరు దానిని మన ఊళ్లోనే చేయిస్తున్నారని మాలో ఒక్కరికీ తెలియదు.

ప్రభుత్వం ఆయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ ఇచ్చింది. 1965లో భట్నాగర్ బహుమతి వచ్చింది. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. బస్సు బోర్డు మీద రెండు పొడి అక్షరాలే ఉంటాయి గనుక, పూర్తి పేరు ఒక కార్డు మీద రాసి మనవడికి పంపాను.