ఖద్దరు కోటు డాక్టరు సుబ్బారావు

అంబత్తూరు: ఇక్కడ లోకల్ రైలెక్కి సెంట్రల్లో దిగితే, రోడ్డుకు అవతల కనిపించేదే మద్రాసు మెడికల్ కాలేజీ. నూరేళ్ల కిందట ఓ భీమవరం కుర్రాడు అక్కడి ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్లాడు. తెల్లదొరల కాలం. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపయింది. చివరికి కుర్రాడికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారు చేసిన మందు, కత్తి పట్టే డాక్టర్ల చేతుల్లో ఈనాటికీ ఎందరో పిల్లల్ని నిలబెడుతోంది.

1895 జనవరి 12న పుట్టారు. చిన్నప్పుడు చదువు వంటబట్టలేదు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు చేసుకుందామని ఇంట్లోంచి ఉడాయిస్తే, తల్లి వెంకమ్మ వెనక్కి లాక్కొచ్చారు. మెట్రిక్ మూడో దండయాత్రలో గట్టెక్కారు, అదీ ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. సన్యాసం పుచ్చుకుంటానంటే రామకృష్ణ మఠంవాళ్లు వైద్యం చదవమని పంపేశారట. మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయం చేశారు.

ఇద్దరు సోదరులు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుకు బలయ్యారు. అదే జబ్బు తననూ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదంతో కోలుకున్నారు. ఆ దెబ్బతో మందులు కనిపెట్టాలన్న పట్టుదల పుట్టింది. కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయంతో 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువు, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని! భార్య శేషగిరి మళ్లీ ఆయన్ని చూడనే లేదు.

1940లో లెడర్లే కంపెనీకి మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. ఆ తర్వాత దానికి అడ్డుపడే మందులూ చేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గర ఎముకలో వచ్చే ఆస్టియోసార్కోమా క్యాన్సర్‌కు ఒకప్పుడు కాలు తీసేయడమే వైద్యం. తీసేసినా బతికింది నూటికి ఇరవై మందిలోపే. ఎందుకంటే ఆపరేషన్ నాటికే కంటికి కనపడని క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తులకు చేరిపోయి ఉండేవి. కోసిన గాయం మానినా పిల్లవాడు దక్కేవాడు కాదు. 1970ల మొదట్లో అదే బోస్టన్‌లో నార్మన్ జాఫే ఈ మందును చాలా పెద్ద మోతాదులో వాడి చూశారు. నిజానికి అది విషపు మోతాదే. మందు ఎక్కించిన మర్నాడు ఫోలిక్ యాసిడ్‌కు చుట్టమైన ల్యూకోవోరిన్ ఇచ్చి మామూలు కణాల్ని కాపాడతారు. అది ఆలస్యమైతే నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోవడం. మందు ఒంట్లోంచి పోకపోతే కిడ్నీలకూ ముప్పే. అందుకే సెలైన్లు దండిగా పెట్టి, రక్తంలో మందు ఎంతుందో చూస్తూ ఉంటారు.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందూ వెనుకా వేరే మందులతో కలిపి దీన్ని ఇస్తున్నారు. వ్యాధి పాకకముందే మంచి వైద్యం అందితే నూటికి అరవై మందికి పైగా బతుకుతున్నారు. చాలామందికి కాలు తీయకుండా క్యాన్సర్ ముక్క వరకే తీసి లోహపు కడ్డీ వేస్తున్నారు.

ఆయన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. కనిపెట్టింది డగ్గర్, విభాగం పెద్ద మనవారు. ఆ జాతి మందులు పిల్లల పళ్లను పచ్చబారుస్తాయని తర్వాత తేలింది, ఎనిమిదేళ్లలోపు వారికి మామూలుగా ఇవ్వరు. అన్నీ మేలే చేశాయనలేం.

ఇక అసలు ఆపరేషనే తప్పించే సంగతి. వెన్ను మూసుకోక పుట్టే బిడ్డకు పుట్టిన ఒకట్రెండు రోజుల్లోనే కోత తప్పదు. తర్వాత తలలో నీరు, మూత్రం ఇబ్బందులు, మళ్లీ మళ్లీ ఆస్పత్రి. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులు ఫోలిక్ యాసిడ్ మింగితే మరో బిడ్డకు ఆ ముప్పు దాదాపు ముప్పాతిక వంతు తగ్గుతుందని 1991లో తేలింది. అంబత్తూరులో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు, ఖరీదూ తక్కువే. కాకపోతే కడుపులో బిడ్డ వెన్ను నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే గర్భం రాకముందు నుంచే మాత్ర మొదలుపెట్టమంటారు డాక్టర్లు.